చేప పడని గిన్నెలు

"సముద్రానికి వెళ్తూ ఇంత ఉప్పెందుకండీ?"

వింబాయి నాతో అన్న మొదటి మాట అదే. నమస్కారం లేదు, పేరేమిటని అడగడం లేదు. గివ్‌మోర్ వాళ్ళింటి గుమ్మంలో గొడుగు దులుపుతూ, హాల్లో నేను పరిచిన సామాను వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి అడిగేసింది. కొండల మీంచి దిగిన సన్నజల్లు వారమంతా మొజాంబిక్ సరిహద్దు పక్కనున్న మా ముటారే ఊరిని నానబెడుతూనే ఉంది. ఆమె కనురెప్పల మీద కూడా రెండు చినుకులున్నాయి. నేను ఉప్పు సంగతి మర్చిపోయి వాటినే చూస్తున్నాను.

"నిన్నేరా అడుగుతోంది," అన్నాడు గివ్‌మోర్.

"అవసరం పడుతుందని," అన్నాను.

"దేనికి? మమ్మల్ని ఉప్పు పట్టించి ఎండబెట్టడానికా?"

గివ్‌మోర్ పగలబడి నవ్వాడు. వంటింట్లోంచి వాడి భార్య ప్రిస్కా నవ్వు కూడా వినిపించింది. నా ప్రాణ స్నేహితుడూ వాడి పెళ్ళామూ ఒక్క మాటకే అటు పక్క చేరిపోతారని నేననుకోలేదు.

ఆగస్టు సెలవులకి మేం నలుగురం కారులో సరిహద్దు దాటి మొజాంబిక్ వెళ్ళి, విలంకులో దగ్గర సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకి తీసుకుని ఉండాలని ప్లాను. ఆ ఇంట్లో మంచాలుంటాయి, పొయ్యి ఉంటుంది, వండిపెట్టేవాళ్ళు ఉండరు. మన పిండి, మన బొగ్గులు, మన తిప్పలు. నేను లారీల కంపెనీలో ఏ బండి ఎప్పుడు సరిహద్దు దాటాలో చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఆ రోడ్డు మీద ఏం దొరుకుతుందో, ఏం దొరకదో మా నలుగురిలో నాకే బాగా తెలుసు. అందుకే అవతలి పోలీసులు అడిగే రెండు ఎర్ర త్రికోణాలు, పసుపు జాకెట్లు, టైర్లలో గాలి చూసే మీటరు, సద్జా వండుకోవడానికి మొక్కజొన్న పిండి, ఉల్లిపాయలు, కొవ్వొత్తులు, తాడు, ఇంకో తాడు, ఉప్పు, అన్నీ తెచ్చి వరసగా పేర్చాను. మెచ్చుకోవాల్సింది పోయి ఎగతాళి!

"ఈవిడెవరు?" అన్నాను గివ్‌మోర్ చెవిలో.

"మనతో వచ్చే నాలుగో మనిషి, మ్లాంబో గారింట్లో ఉండే అమ్మాయి. ప్రిస్కాకి ఫ్రెండు, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. మనకి కారిచ్చేది వాళ్ళే. కాబట్టి నోరు అదుపులో పెట్టుకో."

"నేనేమన్నాను? ఆవిడే కదా..."

"పెట్టుకో అన్నానా!"

టీలు వచ్చాయి. ఏ పూట ఏం వండాలన్న సంగతి మొదలైంది.

"రొయ్యలు," అన్నాడు గివ్‌మోర్ చేతులు రుద్దుకుంటూ. "మూడు పూటలా రొయ్యలే."

"నేను తినను. నాది చేప గోత్రం. నీకు తెలుసు."

"రొయ్య చేపెలా అవుతుందిరా? దానికి మీసాలుంటాయి."

"నీళ్ళలో ఉంటుందిగా."

"పొద్దున్నే నువ్వూ నీళ్ళలో దిగుతావు. అయితే నిన్నూ తినకూడదా?"

వింబాయి టీ కప్పు మీంచి నన్ను చూసింది. ఈసారి ఆ చూపులో ఎగతాళి లేదు. ఇంకేదో ఉంది. అదేమిటో తెలియలేదు గానీ నాకు బాగుంది.

"ఆ అద్దె ఇంటివాళ్ళు పంపిన ఫోటోలో రెండే గిన్నెలున్నాయి. ఒకదానికి పిడి కూడా లేదు," అంది. "పెద్ద గిన్నెలు మా ఇంటి నుంచి తెస్తాను. ఒక్కటే షరతు. మా గిన్నెల్లో చేప పడకూడదు. పెద్దాయన ఊరుకోరు. రొయ్య కూడా వద్దు, దానికి గడ్డమున్నా సరే."

"చూశావా!" అన్నాను గివ్‌మోర్‌తో. పుట్టి బుద్ధెరిగాక ఒకమ్మాయి నా పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి.

"సరేగానీ, రోజుకో జత వండాలి," అంది ప్రిస్కా. "మొదటి రోజు నేనూ మా ఆయనా. రెండో రోజు..."

"నేనూ వింబాయీ," అన్నాను. నా నోరు నన్నడక్కుండానే అనేసింది.

"మీకు వంటొచ్చా?" అంది వింబాయి.

"ఉప్పెయ్యడం వచ్చు."

ఆమె తలవంచుకుని నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

వెళ్ళేటప్పుడు నాకు గొడుగు లేకపోతే మలుపు దాకా తన గొడుగు కిందే రమ్మంది. గొడుగు చిన్నది. నా ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది, కుడి భుజం మాత్రం చాలా సుఖంగా ఉంది.

"సముద్రం ఎలా ఉంటుంది?" అంది. "నేనెప్పుడూ చూడలేదు."

"నేను బేరా రేవులో చూశాను. లారీల మధ్యలోంచి."

"అది చూడటం కాదు."

"కాదు," అని ఒప్పుకున్నాను. "ఈసారి ఇద్దరం సరిగ్గా చూద్దాం."

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటూ, ఈల వేసుకుంటూ ఉండగా నాకా ఆలోచన వచ్చింది. ఈల ఆగిపోయింది. గిన్నెలో చేప పడితే ఊరుకోని ఇల్లు ఏ ఇల్లవుతుంది? చేప గోత్రం వాళ్ళ ఇల్లే కదా!

మాలో తండ్రి నుంచి ప్రతి మనిషికీ ఒక జంతువు గోత్రంగా వస్తుంది. ఆ జంతువుని తినకూడదు, తింటే పళ్ళూడిపోతాయంటారు. ఆ గోత్రంలో పిల్లని చేసుకోకూడదు, ఆమె తోడబుట్టిన దానితో సమానం. మిగతా విషయాల్లో మా వాళ్ళు ఏ ఎండకా గొడుగు పట్టినా ఈ ఒక్క దాంట్లో మాత్రం పట్టరు. అద్దంలో సగం నురగతో ఉన్న నా మొహం చూసి నాకే జాలేసింది.

అడిగేస్తే పోయేది కదా అంటారు. పెళ్ళీడు పిల్లని మగాడు గోత్రం అడిగాడంటే చేసుకుంటావా అని అడిగినట్టే. అడిగాక ఆమె "చేప" అంటే? అప్పుడిక మొహం ఎక్కడ పెట్టుకోను?

కాకపోవచ్చులే, వాళ్ళకి చేప వాసన పడదేమోలే అని మనసుకి సర్దిచెప్పుకుంటూ, ఆ శనివారం కారు చూడటానికి మ్లాంబో గారింటికి వెళ్ళాను.

ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. డబుల్ క్యాబ్ బండి చుట్టూ నన్ను తిప్పి, టైరు మార్చమన్నారు. మార్చాను. మళ్ళీ విప్పమన్నారు. విప్పాను. అవతల ఇసుక రోడ్డు వస్తే గాలి ఎంత తగ్గిస్తావన్నారు. చెప్పాను. చివరికి చేతులు వెనక్కి కట్టుకుని అడిగారు.

"నీ గోత్రమేంటి బాబూ?"

"చేపండి."

"చేపా!" ఆయన మొహం వెలిగిపోయింది. నన్ను దగ్గరికి లాక్కుని వీపు మీద రెండు చరుపులు చరిచారు. "ఇందాకట్నుంచి బాబూ బాబూ అంటున్నానే! ఒకే మడుగులో చేపలం మనం. తమ్ముడివి నువ్వు నాకు! వినపడిందా, ఎవరొచ్చారో!" అని ఇంట్లోకి కేకేశారు.

కిటికీలోంచి ఆయన భార్య తొంగిచూసి నోరంతా తెరిచి నవ్వింది. వింబాయి టీ, రొట్టె తెచ్చింది. ఆమె కూడా నవ్వుతోంది. కప్పు అందిస్తూ ఆ నవ్వు దాచుకోబోయి టీ సగం సాసర్లో పోసేసింది. ఇంత దుర్వార్తకి ఇంట్లో అందరూ ఎందుకింత సంబరపడుతున్నారో నాకు అంతుబట్టలేదు.

"ఇంక నాకు బెంగ లేదు తమ్ముడూ," అన్నారు మ్లాంబో గారు. "కారు నీదనుకో. ఇంటి పిల్లని నీ చేతిలో పెడుతున్నాను. జాగ్రత్తగా తీసుకెళ్ళి తీసుకురా."

నాకు కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. గబగబా వరస లెక్కేశాను. ఆయన తమ్ముణ్ణైతే ఆ ఇంటి ఆడపిల్లకి నేను బాబాయిని. ఇరవై ఏడేళ్ళకే నాకు ఇరవై ఐదేళ్ళ కూతురు! అంత పెద్దరికం నా వల్ల కాదు. అందుకని ఒక మెట్టు దిగి అన్నయ్యతో సరిపెట్టుకున్నాను.

"టీ బాగుంది... చెల్లెమ్మా," అన్నాను.

వింబాయి నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

"ఏంటి?"

"టీ. బాగుంది."

"ఆ తర్వాత మాట."

"చె... చెల్లెమ్మా."

ఆమె సాసరు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేనింకా తాగడం మొదలుపెట్టనే లేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఆఫీసులో బేరా వెళ్ళాల్సిన లారీని హరారే పంపబోయాను. కళ్ళు మూసినా తెరిచినా ఆ రెండు చినుకులే. మనసుకి గోత్రం చెప్తే వినదు కదా! నాకు ఆమె కావాలి. అది తప్పు. తప్పని తెలిశాక ఇంకా కావాలనిపిస్తోంది. ఎవరికి చెప్పుకోను? మింగలేను, కక్కలేను.

బయల్దేరే ముందు కూరగాయలు కొనడానికి నలుగురం సకూబ్వా మార్కెట్‌కి వెళ్ళాం. గివ్‌మోర్, ప్రిస్కా బొగ్గుల దగ్గర బేరమాడుతున్నారు. నేను టమాటాలు ఏరుతూ తల తిప్పేసరికి, రేకుల షెడ్డు కింద ఒక పెద్దావిడ మూకుడు దగ్గర వింబాయి నిలబడి కాగితంలోంచి ఏదో తింటోంది. కళ్ళు మూసుకుని మరీ తింటోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే మతేంబా! వేలెడంత ఎండు చేపలు, కారం వేసి వేయించినవి.

టమాటాలు నా చేతిలోంచి జారిపోయాయి.

"వింబాయీ! ఏంటది?"

"చేపలు. తింటావా? అయ్యో, నువ్వు తినవుగా."

"నువ్వు తింటున్నావే!"

"ఆ."

"చేపల్ని!"

"మరి వీటిని మేకలంటారా?"

"ఇంట్లో తెలుసా?"

"ఎందుకు తెలీదు? పెద్దాయన చేతులు కడుక్కుని లోపలికి రమ్మంటారు, అంతే."

మ్లాంబో గారంతటి మనిషి ఇంట్లో, చేప గోత్రం పిల్ల చేపలు తింటుంటే, చేతులు కడుక్కుంటే చాలా? లోకం ఇంత పాడైపోయిందా? అన్నగా నా బాధ్యత ఏమిటో నాకు గుర్తొచ్చింది.

"చెల్లెమ్మా," అన్నాను గొంతు సవరించుకుని. "పెద్దవాళ్ళు ఊరికే చెప్పలేదు. ఇలా తింటే పళ్ళూడిపోతాయి."

ఆమె నమలడం ఆపింది.

"పళ్ళ గురించి నాకు చెప్తున్నావా? పొద్దస్తమానం జనం నోళ్ళలోకి తొంగిచూసే నాకు?"

"నీ మంచికే..."

"నా మంచి నీకెందుకు? నేనేం తినాలో చెప్పడానికి నువ్వెవరు?" కాగితం ఉండచుట్టి పక్కనున్న డబ్బాలో పడేసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మునాషే, నిజం చెప్పు. నేనేం తప్పు చేశాను? ఉప్పు గురించి ఎగతాళి చేశాననా?"

"అయ్యో, కాదు!"

"మరి? ఆ రోజు గొడుగు కింద ఉన్న మనిషి ఎక్కడికి పోయాడు?"

ఏం చెప్పను? నువ్వు నాకు తోడబుట్టిన దానివి, కానీ నాకలా అనిపించడం లేదు అని చెప్పనా? నోరు తెరిచాను. "టమాటాలు ఎన్ని తీసుకుందాం?" అన్న మాట బయటికొచ్చింది.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కారం వల్ల కాదని నాలాంటి మొద్దుకి కూడా తెలిసింది.

"మగాడు చెల్లెమ్మా అన్నాడంటే మొహం మీద తలుపేసినట్టే," అంది. "అర్థమైంది. ఇంకెప్పుడూ తట్టను."

జల్లులోనే నడుచుకుంటూ వెళ్ళిపోయింది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు.

ఇంటికొచ్చి నేను చేసిన ఘనకార్యం ఇంకోటుంది. ఆమె పక్కన నిలబడి వంట చేస్తే నా మనసు నా మాట వినదని భయమేసింది. మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. వంట జతలు మారుస్తున్నాను, ప్రిస్కా వింబాయీ ఒక జత, నేనూ గివ్‌మోరూ ఒక జత అని.

"సముద్రం ఒడ్డున నా పెళ్ళాంతో వండుకుందామనుకుంటే నీతోనా?" అని వెంటనే రాశాడు గివ్‌మోర్.

దాని కింద వింబాయి మెసేజ్ వచ్చింది. "నేను రావట్లేదు. కారు, గిన్నెలు తీసుకెళ్ళండి. పెద్దాయనతో మాట్లాడాను."

ప్రిస్కా ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగోదు. "ఏం చేశావు దాన్ని? సముద్రం సముద్రం అని నెల రోజులుగా నా చెవులు కొరికేసిన పిల్ల! ఇప్పుడు పళ్ళు పీకించుకోవడానికొచ్చిన వాళ్ళని చూస్తూ ఊళ్ళోనే కూర్చుంటానంటోంది!"

"నేనేం చేశాను? గౌరవంగా చూశాను."

"ఎవరడిగారు నీ గౌరవం?" అని ఫోన్ పెట్టేసింది.

బయల్దేరే రోజు తెల్లవారి మ్లాంబో గారి వాకిట్లో అందరం సామాను ఎక్కిస్తున్నాం. పొగమంచులో కొండలు కనపడటం లేదు. వింబాయి శాలువా కప్పుకుని, ఎవరి వైపూ చూడకుండా, కడిగి తుడిచిన గిన్నెలు ఒక్కొక్కటే తెచ్చి బండి దగ్గర పెడుతోంది. నేను ఒక్కో గిన్నె అందుకుని బండిలో సర్దుతున్నాను. సముద్రం చూడాలని ఆశపడ్డ మనిషి ఇక్కడే ఉండిపోతోంది, నా వల్ల. నేను వెళ్ళి ఎవరికోసం చూడాలి దాన్ని?

మ్లాంబో గారు వరండా మెట్లు దిగుతూ వింబాయిని చూశారు. మీసం మెలేశారు.

"ఏమే నా చిన్న పెళ్ళామా! సముద్రానికి పోనన్నావటగా? మంచిపని చేశావు. నాకు కాళ్ళు పడుతూ నా దగ్గరే ఉండిపో. ముసలిదాన్ని వాళ్ళతో పంపించేద్దాం."

"పంపండి, పంపండి!" అంది వాళ్ళావిడ వరండాలోంచి. "మీ గురక వినే కర్మ దీనికి పట్టనీ, నాకు సుఖం!"

నా చేతిలో ఉన్న పెద్ద గిన్నె రాళ్ళ మీద పడి, ఖంగుమంటూ దొర్లుకుంటూ గేటు దాకా పోయింది.

"ఆగండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ మాటలేంటి అన్నయ్యా? సొంత గోత్రం పిల్లతో ఎవరైనా అలా పరాచికాలాడతారా? చేప మనిషి చేప పిల్లని పెళ్ళామంటాడా?"

వాకిట్లో అందరూ నా వైపు తిరిగారు.

"చేప పిల్లా?" అన్నారు మ్లాంబో గారు. "ఎవరు?"

"వింబాయి!"

ఆయన భార్య వరండా దిగొచ్చింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"అబ్బాయ్, అది మా అన్న కూతురు. నేను సింహం, మా అన్న సింహం, ఇది సింహం. ఈ ఇంట్లో చేప ఈ ముసలాయనొక్కడే. ఆయన్ని కట్టుకున్న పాపానికి ముప్పై ఏళ్ళుగా మా గిన్నెలు చేప మొహం చూడలేదు. మన వరసల్లో భార్య మేనకోడలంటే చిన్న పెళ్ళాంతో సమానం, దానితో పరాచికాలాడక ఇంకెవరితో ఆడతాడు?"

గివ్‌మోర్ బండి బానెట్ మీద వాలిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. "అందుకా! అందుకా చెల్లెమ్మా చెల్లెమ్మా అని... ఓరి నీ... నన్నడిగితే చెప్పేవాణ్ణి కదరా!" ప్రిస్కా కళ్ళు తుడుచుకుంటోంది. మ్లాంబో గారు మీసం కింద నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు.

నవ్వనిది వింబాయొక్కతే.

"అంటే," అంది నెమ్మదిగా, "నా గోత్రం నువ్వే తేల్చేశావు. నన్ను చెల్లెల్ని చేసేశావు. నేను ఎవరితో వండాలో, ఏం తినాలో నిర్ణయించేశావు. అన్నీ నీ తలకాయలోనే జరిగిపోయాయి. ఒక్కసారి, ఒక్కసారైనా నన్నడిగావా?"

"లేదు."

"ఎందుకడగలేదు?"

అందరూ వింటున్నారు. పెద్దవాళ్ళున్నారు. అయినా ఇక దాచడానికి నా దగ్గర ఓపిక లేదు.

"భయమేసింది," అన్నాను. "అడిగితే నువ్వు చేప అంటావు. నీ నోటితో ఆ మాట విన్నాక ఇక నిన్ను అలా చూడకూడదు. వినకపోతే ఇంకొన్నాళ్ళు చూడొచ్చు అనుకున్నాను. చెల్లెమ్మా అన్న ప్రతిసారీ నా నోట్లో మట్టి కొట్టుకున్నట్టుంది వింబాయీ. నువ్వంటే నాకు ప్రాణం. ఆ ఉప్పు రోజు నుంచీ."

గివ్‌మోర్ నవ్వు ఆపేశాడు. వింబాయి శాలువా అంచు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూస్తోంది.

మ్లాంబో గారు చెయ్యి చాపారు. "తమ్ముడూ, కారు తాళం ఇలా ఇయ్యి."

జేబులోంచి తీసి ఇచ్చాను.

"తమ్ముడివని నమ్మి ఇచ్చాను. పెళ్ళికొడుకు వేషం వేసేవాడికైతే లెక్క వేరు," అని తాళం తీసుకెళ్ళి భార్య చేతిలో పెట్టారు. "నువ్వు కూడా ఎక్కు. దారిలో తాళం అబ్బాయికిద్దువు గానీ, కళ్ళు మాత్రం నీవే ఉండాలి."

"నేను ముందే సర్దుకున్నా," అంటూ ఆవిడ తలుపు చాటునుంచి సంచి బయటికి లాగింది. అందులోంచి కొత్త మూకుడు పిడి కనిపిస్తోంది. "ముప్పై ఏళ్ళ ఆకలి నాది. నా మూకుడు నాదే, మీ గిన్నెలు ముట్టుకోను."

నేను వింబాయి వైపు చూశాను. ఆమె గిర్రున తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఇంక అయిపోయిందనుకున్నాను. కాసేపటికి భుజాన బ్యాగుతో బయటికొచ్చింది.

"క్షమించానని కాదు," అంది నన్ను దాటుకుంటూ. "సముద్రం చూడాలని."

వెనక సీట్లో ఆ చివర కిటికీ పక్కన కూర్చుంది. మధ్యలో వింబాయి అత్తయ్య, అంటే మ్లాంబో గారి భార్య, ఇటు ప్రిస్కా. ముందు నా పక్కన గివ్‌మోర్. సరిహద్దు మా ఊరికి కూతవేటు దూరమే, కానీ ఆ కాస్త దూరమూ నాకు తరగలేదు. అద్దంలో ఆమె బుగ్గ ఒక్కటే కనిపిస్తోంది. అది కోపంగా ఉందో లేదో బుగ్గని చూసి ఎలా చెప్పడం?

గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. ఇటువైపు ముద్రలు వేయించుకుని అటువైపు చేరాం. నీలం చొక్కా ఆఫీసరు మా మాటే తన యాసలో మాట్లాడుతూ కిటికీలోంచి వంగి చూశాడు.

"కారెవరిది?"

"మ్లాంబో గారిదండి. ఆయనిచ్చిన కాగితం ఇదిగో."

"నువ్వాయనకి ఏమవుతావు?"

"తమ్ముణ్ణి. అంటే, గోత్రం తమ్ముణ్ణి."

"ఈ పెద్దావిడ?"

"కారుగలాయన పెళ్ళాన్ని," అంది అత్తయ్య. "చేపలు తినడానికి వెళ్తున్నా. తొందరగా వదులు నాయనా."

ఆఫీసరు నవ్వి, చివరి కిటికీ వైపు చూపించాడు. "మరి ఆ అమ్మాయి? నీకేమవుతుంది?"

నా నోటిదాకా చాలా మాటలొచ్చాయి. అన్నీ మింగేశాను.

"ఆవిణ్ణే అడగండి," అన్నాను.

వింబాయి కిటికీ అద్దం దించింది.

"చెల్లెల్ని మాత్రం కాదండీ," అంది. "మిగతాది ఆయన ఇంకా అడగలేదు."

ఆఫీసరు ఆమెని చూశాడు, నన్ను చూశాడు, కాగితాలు నా ఒళ్ళో పడేశాడు. "అడగవయ్యా బాబూ! వెనక లారీలు ఆగిపోయాయి," అన్నాడు.

గేటు దాటాం. మంచు విడిపోయి ఎండ వచ్చింది. ముందు రోడ్డు పొడుగ్గా, ఖాళీగా ఉంది. సముద్రం ఇంకా ఆరువందల కిలోమీటర్లు. నేను అంత దూరం ఆగలేకపోయాను.

"వింబాయీ."

"ఊఁ."

"నీ గోత్రమేంటి?"

అత్తయ్య చప్పట్లు కొడుతూ, మా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ వేసే సంబరపు కూత గొంతెత్తి వేసింది. ప్రిస్కా ఆవిడతో గొంతు కలిపింది. గివ్‌మోర్ చెవులు మూసుకున్నాడు. ఆ గోలంతా సద్దుమణిగే దాకా వింబాయి ఆగింది. అద్దంలో బుగ్గ కదిలింది, ఆ తర్వాత రెండు కళ్ళూ కనిపించాయి.

"సింహం," అంది. "నీది?"

"చేప."

"అయితే కుదురుతుంది," అంది వింబాయి.